చలిని అరువు తెచ్చే గొయ్యి

కెనడా పటంలో తూర్పు కొసన, అట్లాంటిక్ మహాసముద్రంలోకి పొడుచుకొచ్చిన న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో ఎలిస్టన్ అనే చిన్న ఊరుంది. జనాభా మూడు వందలకు అటూ ఇటూ. ఆ ఊళ్లో నడుస్తుంటే గుట్టల్లో తలుపులు కనిపిస్తాయి. గడ్డి మొలిచిన మట్టిదిబ్బ, ఓ పక్కన రాళ్లు పేర్చి కట్టిన వాకిలి, వంగితే తప్ప దూరలేని చెక్క తలుపు. తెలియనివాళ్లు సమాధులనుకున్నా తప్పు పట్టలేం. ఆ ఒక్క ఊళ్లోనే ఇలాంటివి 130కి పైగా లెక్కతేలాయి. వాటిలో బాగా పాతవి 1839 నాటివి. కొన్నిట్లో ఇప్పటికీ దుంపలు దాస్తున్నారు. అక్కడివాళ్లు వీటిని రూట్ సెల్లర్లు అంటారు. మనం దుంపల కొట్లు అనుకుందాం.

ఆ ఊరివాళ్లు ఒకప్పుడు ప్రధానంగా కాడ్ చేపల వేటగాళ్లు. రాతినేలలో దొరికిన కాస్త మట్టికి సముద్రపు నాచు, కేప్లిన్ అనే చిన్న చేపలు ఎరువుగా వేసి బంగాళాదుంప, టర్నిప్, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ పండించుకునేవారు. పంట ఏడాదికి ఒక్కటే, అది అక్టోబరులో చేతికొస్తుంది. మళ్లీ పచ్చటి ఆకు కనిపించేది మే దాటాకే. ఈ మధ్యలో ఏడెనిమిది నెలలు మంచు, గాలి, గడ్డకట్టిన తీరం. ఉప్పు చేపకూ ఉప్పు మాంసానికీ తోడు కూర కావాలంటే అక్టోబరు పంటే మే దాకా రావాలి. అందుకే ఇంటికో కొట్టు, కలిగినవాళ్లకు రెండు. 1992లో కాడ్ వేటను కెనడా ప్రభుత్వం నిషేధించాక ఊరికి పనే పోయింది. అప్పుడు ఊరివాళ్లకు తమ దిబ్బలు గుర్తొచ్చాయి. వాటిని వెతికి, లెక్కపెట్టి, మరమ్మతు చేసి, 1997లో తమ ఊరిని దుంపల కొట్లకు ప్రపంచ రాజధానిగా తామే ప్రకటించుకున్నారు. కాస్త అతిశయమే, కానీ పోటీకి వచ్చిన ఊరేదీ నాకు కనబడలేదు.

కట్టడంలో ఆర్భాటం లేదు. గుట్ట వాలును తొలిచి, లోపల రాతిగోడలు పేర్చి, పైకప్పు మీద మందంగా మట్టి పోసి, ఆ మట్టిమీద గడ్డి పెరగనిస్తారు. తెలివంతా వాకిలి దగ్గరుంది. అక్కడ తలుపులు రెండు, వాటి మధ్య మనిషి బుట్టతో నిలబడేంత చోటు. బయటి తలుపు మూశాకే లోపలిది తీయాలి. నడుమ చిక్కుకున్న గాలే కంబళి. లోపల మట్టినేల, చెక్కలతో వేరుచేసిన అరలు, ఒక్కో అరలో ఒక్కో దుంప. కరెంటు లేదు, ఐసు లేదు, కదిలే భాగం ఏదైనా ఉందంటే తలుపు బందులే. బయట నీళ్లు గడ్డకట్టే ఫిబ్రవరిలో లోపలి బంగాళాదుంప గడ్డకట్టదు. ఆగస్టులో బయట ఉక్కగా ఉన్నా లోపలికి అడుగుపెడితే వొళ్లు జిల్లుమంటుంది.

ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తోంది? భూమి లోపల చల్లగా ఉంటుందనే జవాబు సగమే నిజం. ఆ సగం నిజాన్ని నమ్మి హైదరాబాద్‌లో పెరట్లో గొయ్యి తవ్వితే టమాటాలు రెండు రోజులు ఎక్కువ నిలవడం కూడా కష్టం. మిగతా సగం తెలుసుకోవాలంటే పారిస్ దాకా వెళ్లాలి.

పారిస్ వేధశాల కింద పాత రాతి గనుల సొరంగాలున్నాయి. 1783లో అక్కడ సుమారు 28 మీటర్ల లోతున, రసాయన శాస్త్రవేత్త లవోయిజియే తయారుచేసిన థర్మామీటరు ఒకటి పెట్టారు. పైన ఎండాకాలం వచ్చినా మంచు కురిసినా దాని పాదరసం సుమారు 12 డిగ్రీల దగ్గర కదలకుండా కూర్చుంది. పారిస్‌లో ఏడాది పొడవునా గాలి ఉష్ణోగ్రతలన్నీ కూడి సగటు తీస్తే వచ్చే అంకెకు అది దగ్గర్లోనే ఉంది. నేల లోతుల్లోకి పోయేకొద్దీ వేసవీ చలికాలమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఏడాది సగటు ఒక్కటే మిగులుతుందన్నమాట. ఇంకా లోతుకు, వందల మీటర్లకు, దిగితే భూగర్భం వేడి కలుస్తుంది. ఆ ఊసు మన దుంపలకు అక్కర్లేదు.

ఈ కొట్టివేత ఎలా జరుగుతుందో లెక్కకట్టినవాడు ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే. 1822లో వచ్చిన ఆయన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలోని గణితం నేలకు ఇలా వర్తిస్తుంది. నేల పైపొరను రోజూ పగలు వేడెక్కిస్తుంది, రాత్రి చల్లారుస్తుంది. ఈ హెచ్చుతగ్గులు అలగా కిందికి దిగుతాయి. దిగుతూ దిగుతూ క్షీణిస్తాయి. మామూలు మట్టిలో రోజువారీ అల సుమారు 12 సెంటీమీటర్లు దిగేసరికి మూడోవంతుకు కాస్త పైగా మాత్రమే మిగులుతుంది. రెండు జానల లోతున పగలూ రాత్రీ తేడా దాదాపు చచ్చిపోతుంది. అయితే నేలమీద ఇంకో అల కూడా నడుస్తోంది. అది ఏడాదికి ఒకసారి లేచి పడే అల, వేసవి దాని శిఖరం, చలికాలం దాని లోయ. నెమ్మదిగా ఊగే అల లోతుగా దిగుతుంది. ఎంత లోతుకంటే, కాలవ్యవధి 365 రెట్లయితే లోతు దాని వర్గమూలమంత, అంటే 19 రెట్లు. పన్నెండును పంతొమ్మిదితో గుణిస్తే రెండు మీటర్ల పావు. దుంపల కొట్టు లోతు తరచూ ఆ చుట్టుపక్కలే ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఫూరియేను చదవని జాలరులు తవ్వి తవ్వి అక్కడికే చేరుకున్నారు.

అల క్షీణించడమే కాదు, ఆలస్యమవుతుంది కూడా. 1837లో ఎడిన్‌బరోలో జేమ్స్ ఫోర్బ్స్ అనే భౌతికశాస్త్రవేత్త కాల్టన్ గుట్ట మీద మూడు, ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు ఫ్రెంచి అడుగుల లోతుల్లో థర్మామీటర్లు పాతించాడు. లోతు పెరిగేకొద్దీ వేసవి ఆలస్యంగా వచ్చింది. రెండు మీటర్ల పావు దగ్గర ఆలస్యం ఇంచుమించు రెండు నెలలు. ఏడు మీటర్ల దగ్గర ఆరు నెలలు, అంటే పైన జనవరిలో చలికి వణుకుతుంటే కింద నడివేసవి. ఆ కొలతలనే తర్వాత భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ తీసుకుని, రాయి వేడిని ఎంత వేగంగా పంపుతుందో రాబట్టి, అదే అంకెతో భూగోళం ఎన్నేళ్లకు ఇంతగా చల్లారిందో లెక్కకట్టాడు. భూమి వయసు పది కోట్ల సంవత్సరాల దగ్గర తేలింది. అసలు వయసు 450 కోట్ల ఏళ్లు. థర్మామీటర్లలో దోషం లేదు, భూమి లోపల సంగతులే ఆయన ఊహించినట్టు లేవు.

ఇక ఎలిస్టన్‌కు వద్దాం. ఆ తీరంలో ఏడాది సగటు 4, 5 డిగ్రీలు. చలికాలపు నెలసరి సగటు దానికి పది డిగ్రీలు కింద, వేసవి సగటు పది పైన అనుకోండి. రెండు మీటర్ల పావు లోతున ఆ పది కాస్తా నాలుగవుతుంది. అంటే కొట్లో ఏడాదంతా ఒకటి నుంచి తొమ్మిది డిగ్రీల మధ్య. అతిశీతల నెల బయట ఫిబ్రవరి, కొట్లో మాత్రం ఏప్రిల్! నిరుటి బంగాళాదుంపలకు నిద్ర తీరి కళ్లు మొలకెత్తడానికి సిద్ధమయ్యే ఏప్రిల్లోనే కొట్టు అన్నిటికన్నా చల్లగా ఉంటుంది. ఈ చదువులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. ఆలస్యానికి రెండో వైపు కూడా ఉంది. కొట్టు బాగా వెచ్చగా ఉండేది అక్టోబరులో, సరిగ్గా పంట వచ్చే వేళకు. అందుకే తెలిసిన రైతులు క్యారెట్లనూ టర్నిప్‌లనూ తొందరపడి తవ్వరు. తొలి మంచు పడేదాకా నేలలోనే ఉంచుతారు. పంట రాకముందే కొన్ని వారాలపాటు రాత్రుళ్లు కొట్టు తలుపులు బార్లా తీసి, చల్లగాలిని లోపలికి రానిచ్చి, తెల్లారేసరికి మూసేస్తారు.

కాబట్టి గొయ్యి చలిని పుట్టించదు. గడిచిన చలికాలం నుంచి కొంత, వచ్చే చలికాలపు రాత్రుల నుంచి కొంత అరువు తెస్తుంది. అసలంటూ చలికాలం ఉన్నచోటే ఈ అప్పు పుడుతుంది.

అదే లెక్క హైదరాబాద్‌కు వేసి చూడండి. ఏడాది సగటు 26, 27 డిగ్రీలు. రెండు మీటర్ల లోతున ఏ నెలలో చూసినా 25కూ 29కీ మధ్య. ఎండకు నేల పైపొర గాలికన్నా ఎక్కువ కాలుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. మే నెల మధ్యాహ్నం బయట 41 డిగ్రీల్లో మాడి వచ్చిన మనిషికి ఆ గోతిలో స్వర్గంలా ఉంటుంది. కూరగాయకు అది వంటగది గట్టు.

ఎందుకంటే కోసిన కూరగాయ చచ్చిపోదు. వేరు తెగినా, ఆకు తెగినా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని, తనలో దాచుకున్న చక్కెరను కాల్చి, కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ వేడినీ వదులుతుంది. తినేవాడు ఆలస్యం చేసేకొద్దీ తనను తానే తింటుంది. 5 డిగ్రీల దగ్గర ఒక టన్ను బంగాళాదుంపలు ముప్పై వాట్ల పైచిలుకు వేడిని వదులుతాయి. అంత బరువైన పాలకూర దానికి సుమారు నాలుగింతలు వదులుతుంది. దుంప నెలలు నిలవడానికీ, పాలకూర మర్నాటికి వడలడానికీ ఒక కారణం ఈ ఊపిరి వేగమే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. 5 డిగ్రీల ఎలిస్టన్ కొట్టు నుంచి 27 డిగ్రీల హైదరాబాద్ గోతికి దుంపను మారిస్తే అది నాలుగైదు రెట్ల నుంచి పది రెట్ల వేగంతో తరిగిపోతుంది. బూజుకూ బాక్టీరియాకూ కూడా ఆ వెచ్చదనం ఇష్టమే.

ఇంకో సంగతుంది. ఎలిస్టన్ అరల్లో ఉన్నవన్నీ చలికి పుట్టిన మొక్కలు. క్యారెట్, బీట్‌రూట్, టర్నిప్, క్యాబేజీ రెండేళ్ల ఆయుష్షున్నవి. మొదటి ఏడు తిండి కూడబెట్టి, దాన్ని దుంపలోనో ఆకుల ముద్దలోనో దాచి, చలికాలమంతా ఊరికే పడి ఉంటాయి. ఆ చలి తగిలాకే రెండో ఏడు పూస్తాయి. కొట్టు చేసే పనల్లా ఆ మొక్క తనంతట తాను చేయబోయే నిద్రకు చోటివ్వడమే. మన మైదానాల్లో ఈ రకాల క్యాబేజీ పూతకు రాకపోవడానికీ, విత్తనం చలి ఉన్న కొండప్రాంతాల నుంచి రావడానికీ కారణం ఇదే. మరి మన వంకాయ, బెండ, టమాటా, అరటి? ఇవి చలి ఎరగని జాతులు. వంకాయను 5 డిగ్రీల్లో వారం ఉంచితే తొక్కమీద గుంటలు పడి, లోపల గింజలు నల్లబడతాయి. అరటిపండు సంగతి ఫ్రిజ్‌లో పెట్టి చూసినవాళ్లందరికీ తెలుసు. అంటే మంచి దుంపల కొట్టును విమానంలో తెచ్చి విజయవాడలో దించినా మన వంటింటి కూరల్లో సగం దానికి పనికిరావు.

బంగాళాదుంపకు మరీ చలి పడదు, వెచ్చదనమూ పడదు. తవ్విన వెంటనే చల్లటి కొట్లో పెట్టకుండా పది, పదిహేను రోజులు 10 నుంచి 15 డిగ్రీల తేమ గాలిలో ఆరనిస్తారు. గునపం తగిలిన గాట్ల మీద ఈ రోజుల్లోనే బెరడులాంటి పొర పేరుకుంటుంది. అది లేకుండా లోపలికి వెళ్లిన దుంప కుళ్లి, పక్కదాన్నీ కుళ్లబెడుతుంది. తర్వాత 4, 5 డిగ్రీలకు దించితే మొలక రాదు. అంతకన్నా చల్లబడితే దుంపలోని పిండిపదార్థం చక్కెరగా మారడం మొదలెడుతుంది. కూరకు తీపి తగలడం ఒక్కటే నష్టం కాదు, అలాంటి దుంపను నూనెలో వేయిస్తే ముక్క త్వరగా నల్లబడుతుంది, ఆక్రిలమైడ్ అనే అక్కర్లేని పదార్థమూ ఎక్కువ పుడుతుంది. చిప్సు కంపెనీలు తమ దుంపల్ని 10 డిగ్రీల చుట్టుపక్కల నిల్వ చేయించేది ఇందుకే. ఇక వెలుగు అసలే పనికిరాదు. వెలుగు పడిన దుంప పచ్చబడుతుంది, ఆ పచ్చదనంతోపాటు సొలనిన్ అనే విషం కూడా పెరుగుతుంది. చేదు తగిలితే పారేయడమే.

తేమ దగ్గర కూడా ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. క్యారెట్‌కు గాలిలో 95 శాతం తేమ కావాలి. బరువులో 8 శాతం నీరు పోతే చాలు, వడలి అమ్ముడుపోదు. అందుకే కొట్టుకు సిమెంటు గచ్చు కన్నా మట్టినేల మేలు, క్యారెట్లను తడి ఇసుకలో వరసలు వరసలుగా పాతిపెట్టడం ఇంకా మేలు. ఉల్లికీ వెల్లుల్లికీ ఈ తేమ శత్రువు. అవి కొట్లోకి రాకూడదు, పొడిగా గాలి తగిలేచోట వేలాడాలి. గుమ్మడికాయకు, చిలగడదుంపకు 12, 13 డిగ్రీలకన్నా దిగితే దెబ్బ. చలిదేశాల ఇళ్లలో వాటి చోటు పడకగది మంచం కింద. యాపిల్ పండ్లది వేరే గొడవ. అవి ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యూబోవ్ అనే విద్యార్థి, తన ప్రయోగశాలలో బటానీ మొలకలు నిటారుగా పెరగక పక్కకు ఎందుకు పాకుతున్నాయో వెతికి, గ్యాసు దీపాల నుంచి కారుతున్న ఇథిలీనే కారణమని తేల్చాడు. ఆ వాయువు తగిలితే క్యారెట్ చేదెక్కుతుంది, క్యాబేజీ ఆకులు పసుపెక్కి రాలతాయి. బంగాళాదుంప మీద దాని ప్రభావం తిరకాసుగా ఉంటుంది. పాత పుస్తకాలు యాపిల్ పక్కన దుంప త్వరగా మొలకెత్తుతుందంటాయి. ఈనాటి పెద్ద గిడ్డంగుల్లో మాత్రం ఇథిలీన్‌ను ఆపకుండా పంపి మొలకల్నే అణచిపెడుతున్నారు. మోతాదును బట్టీ వ్యవధిని బట్టీ ఫలితం తలకిందులవుతుంది.

ఇన్ని ప్రాణాలు ఊపిరి పీల్చే మూసిన గదికి గాలి మార్పిడి తప్పనిసరి. మంచి కొట్టుకు రెండు గొట్టాలుంటాయి. ఒకటి బయటి చల్లగాలిని నేలకు దగ్గరగా దించుతుంది, రెండోది వెచ్చని గాలిని కప్పు దగ్గర నుంచి బయటికి పంపుతుంది. ఆ రెంటి ఎత్తు తేడాయే ఫ్యాను. గొట్టాలు మూసుకుపోయిన కొట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, కుళ్లు మొదలైతే మరీను. తలుపు తీసిన వెంటనే దూరకుండా కాసేపు ఆగడం అక్కడ అందరికీ నేర్పే జాగ్రత్త.

ఇదే జాగ్రత్త తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్లకూ తెలుసు. వాళ్లకు నేర్పింది జొన్న పాతర. మన నేలలో గొయ్యి పనికిరాదని పైన అన్నాను కదా, దుంపకు పనికిరాదు, గింజకు పనికొస్తుంది. నీరు ఊరని గట్టి నేలలో లోతుగా తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి వేసి మట్టితో మూసేసేవారు. గాదెలూ గుమ్ములూ ఏడాది తిండికి, పాతర కరువు సంవత్సరానికి. ఎండిన గింజలో నీరు పది, పన్నెండు శాతమే కాబట్టి అది దాదాపు ఊపిరి పీల్చదు. కానీ గింజలతోపాటు లోపలికి వెళ్లిన పురుగులు పీలుస్తాయి, గోడల పక్కన చెమ్మ తగిలిన గింజలూ బూజూ పీలుస్తాయి. గాలి దూరే సందు లేదు. ఉన్న ఆక్సిజన్ రోజురోజుకూ తరిగి రెండు మూడు శాతానికి దిగితే పురుగులు బతకలేవు. ఎలిస్టన్‌వాళ్లు గొట్టాలు పెట్టి తరిమే వాయువును మనవాళ్లు మట్టి మెత్తి పట్టి ఉంచేవారు. గోడల వెంట కొన్ని గింజలు నల్లబడేవి, మిగతావాటికి పాతర వాసన పట్టేది, అయినా పురుగు పట్టిన గింజ కన్నా నయమే. ప్రమాదమల్లా తెరిచే రోజే. మూత తీసి, గాలి ఆడనిచ్చి, దీపం దించి చూశాకే దిగాలి. పాడుబడిన బావికీ ఇదే నియమం. దీపం ఆరిందంటే మనిషి దిగకూడదు. వెలిగినంత మాత్రాన పూర్తి భరోసా లేదు, ఎందుకంటే ఆక్సిజన్ చాలినంత ఉన్నా కార్బన్ డయాక్సైడ్ మనిషిని పడగొట్టే మోతాదులో ఉండొచ్చు.

మన నేల ఇచ్చే 26, 27 డిగ్రీల నిలకడను వాడుకునే పంటలూ ఉన్నాయి. అల్లం, పసుపు విత్తన కొమ్ముల్ని నీడన గోతుల్లో ఇసుకో రంపపుపొట్టో వేసి, ఆకులు కప్పి మళ్లీ నాటేదాకా దాస్తారు. వాటికి కావలసింది ఎండిపోకుండా ఉండటం, ఎండ దెబ్బ తగలకపోవడం. చలి పడితే పాడవుతాయి. కంద విషయంలో ఇంకా సులువు. తవ్వకుండా కొన్నాళ్లు భూమిలోనే వదిలేస్తే చాలు.

కూరగాయల్ని చల్లబరచాలంటే మనకు వేరే దారి ఉంది, అది కూజా దారి. నీరు ఆవిరయ్యేటప్పుడు పరిసరాల నుంచి వేడిని లాక్కుంటుంది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో 1980లలో దీన్ని ఇటుకల్లో కట్టి చూపించారు. రెండు ఇటుక గోడలు, మధ్య ఏడున్నర సెంటీమీటర్ల సందు, ఆ సందు నిండా నది ఇసుక, ఉదయం సాయంత్రం ఇసుకను తడపడం, పైన తడి గోనెపట్టా. కరెంటు ఖర్చు లేదు. ఎండాకాలంలో లోపలి ఉష్ణోగ్రత బయటికన్నా 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది, తేమ 90 శాతం దగ్గర ఉంటుంది. ఆకుకూర, టమాటా కొన్ని రోజులు ఎక్కువ నిలుస్తాయి. నెలలు మాత్రం నిలవవు.

దీని హద్దు గాలి పొడితనం. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుడితే అది చూపే అంకెకన్నా కిందికి ఈ పద్ధతి దింపలేదు. అనంతపురంలో మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే ఆ అంకె 22, 23. కాకినాడలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ అనుకుంటే 30. అనంతపురంలో ఇది కట్టుకోవడం తెలివి. కాకినాడలో కట్టుకుంటే ఇసుక తడపడమే మిగులుతుంది. ఈ తేడా చెప్పకుండా ఊరూరా ఒకే నమూనా పంచిపెట్టే పథకాలంటే నాకు అనుమానం.

నిజమైన దుంపల కొట్టు చేతిలో ఉన్న తెలుగువాళ్లూ ఉన్నారు, ఆ సంగతి వాళ్లలో కొందరికి తెలియకపోవచ్చు. టొరంటో చుట్టుపక్కల చాలా ఇళ్లకు వాకిలి వసారా కింద, బేస్‌మెంట్‌కు ఆనుకుని, కాంక్రీటు గోడల చిన్న గది ఉంటుంది. కోల్డ్ రూమ్ అంటారు. బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు పెట్టడానికి అది ముందుగా తోచే చోటు, కానీ అవి అక్కడ ఉండకూడదు. గోడలు చెమరుస్తాయి, బస్తా అడుగు తడి లాగుతుంది. బియ్యం, పప్పు, ఉల్లి ఇంట్లోనే పొడిచోట ఉండాలి. ఆ గదిలో ఉండాల్సినవి అక్టోబరులో చవగ్గా దొరికే క్యారెట్లు, బీట్‌రూట్లు, క్యాబేజీ, ఓ బస్తా ఆలుగడ్డ. ఆవకాయ జాడీకి మూత గట్టిగా ఉంటే దానికీ దిగుల్లేదు. ముందు ఓ చిన్న థర్మామీటరూ తేమ కొలిచే సాధనమూ పెట్టి నెల్లాళ్లు చూడటం మంచిది. వసారా పలక కింద వేడిని ఆపే పొర లేకపోతే జనవరిలో కప్పు కింద సున్నా కన్నా దిగిపోవచ్చు. గాలి గొట్టాన్ని చలికి భయపడి గుడ్డలతో కుక్కేయకూడదు.

మన దగ్గర కూడా సున్నాకు దగ్గరగా దిగే ఊరు ఉంది కదా అని లంబసింగి గుర్తుచేసేవారుంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రుళ్లు నిజంగానే ఎముకలు కొరికే చలి. అయినా ఏడాది సగటు 20 డిగ్రీలకు పైనే. రెండు మీటర్ల కింద నేలకు ఆ కొద్ది వారాల తెల్లవారుజాముల జాడ తెలియదు. లంబసింగిలో పనికొచ్చేది నేలమీద కట్టిన మందపాటి మట్టిగోడల గది. రాత్రి పొద్దుపోయాక కిటికీలు తీసి, పొగమంచు విడవకముందే మూసేస్తే సంక్రాంతి దాకా క్యారెట్లూ క్యాబేజీ అందులో బాగానే ఉంటాయి. శివరాత్రి దాటాక దాన్ని మామూలు గదిగా వాడుకోవలసిందే.